ఒక్క ఊపిరి డైలాగు

లాక్‌డౌన్‌లు ముగిసి సినిమా హాళ్లు మళ్లీ నిండుతున్న రోజులవి. ఒక వేసవిలో శ్రీనగర్ కాలనీలోని డబ్బింగ్ థియేటర్ నుంచి నాకు పిలుపు వచ్చింది. పని, కథానాయిక తల్లికి గొంతు ఇవ్వడం. అంతకు ముందు ఇరవై ఏళ్లకు పైగా కథానాయికలకే చెప్పినదాన్ని నేను. తెర మీద పడుచుపిల్ల వానలో తడుస్తూ కిలకిలా నవ్వితే, ఆ నవ్వు అమీర్‌పేటలో అద్దె ఇంట్లో ఉండే ఈ కనకదుర్గది. అలాంటి నన్ను తల్లిని చేశారు. చేస్తే చేశారులే అనుకుని, కూతురికి గొంతు ఎవరని అడిగాను. శిరీష అన్నారు. ఒళ్లు మండిపోయింది.

మా వృత్తి తెలియని వారికి రెండు మాటలు చెప్పాలి. షూటింగులో నటులు మాట్లాడినదాన్ని పైలట్ ట్రాక్ అంటాం. అందులో జనరేటర్ చప్పుడు, లైట్‌బాయ్‌ల కేకలు అన్నీ ఉంటాయి. పైగా చాలామంది నాయికలకు తెలుగు రాదు. అందుకని సినిమాను చిన్న చిన్న బిట్లుగా విడగొట్టి తెర మీద వేస్తూ, ఆ మాటలు మా చేత మళ్లీ చెప్పిస్తారు. తెర మీద ఆమె పెదవి మూసిన చోట మా పెదవి మూతపడాలి, ఆమె గుక్క తిప్పుకున్న చోట మేమూ తిప్పుకోవాలి. మేం చెప్పేది బూత్ అనే అద్దం గదిలో. అద్దానికి అవతల సౌండ్ ఇంజినీరు, ఆయన పక్కన డబ్బింగ్ ఇన్‌చార్జ్ కూర్చుంటారు. ఏ వేషానికి ఎవరి గొంతు వాడాలో చూసేది ఇన్‌చార్జే. మాలో హోదాలూ ఉన్నాయి. గుంపులో కేకలు వేసేవాళ్లు అట్టడుగున, వాళ్ల మీద అమ్మలూ వదినలూ, అందరి పైన నాయిక గొంతు. నాయిక గొంతు వచ్చిందంటే మిగతావాళ్లు బూత్ ఖాళీ చేసి బయట సోఫాలో కూర్చోవాలి. అన్నేళ్లూ నేను వస్తే జనం వెళ్లి కూర్చున్న సోఫా అది. ఆ వేసవిలో అందులో నేను కూర్చున్నాను.

శిరీషది సిద్దిపేట వైపు. ముప్పై ఇంకా నిండలేదు. కృష్ణానగర్‌లో మరో ముగ్గురు అమ్మాయిలతో కలిసి గదిలో ఉండేది. గుంపు కేకల నుంచి నాయిక గొంతు దాకా చూస్తుండగానే ఎక్కేసింది. బయట మాట్లాడితే అచ్చం వాళ్ల ఊరి మాట. మైకు ముందు నిలబడితే మా రేపల్లెలో పుట్టిన పిల్లలా పలికేది. మొదటి రోజే నా పక్కన కూర్చుని, "నీ సినిమాలు చూసుకుంటనే నేర్సుకున్ననక్కా. మస్తు చెప్తవ్ నువ్వు" అంది. నన్ను నువ్వు అంది! వాళ్ల ఇళ్లల్లో పెద్దవాళ్లను కూడా చనువుగా అలాగే అంటారని నాకు తెలియక కాదు. అయినా మండింది. మీరు అని ఉన్నా మండేదేమో లెండి.

అందరూ దాని తియ్యటి గొంతును చెప్పుకునేవారు. నా కడుపుమంట గొంతు మీద కాదు, ఊపిరి మీద. అర పేజీ డైలాగును గుక్క తిప్పుకోకుండా చెప్పి, చివరి మాటను కూడా మొదటి మాటంత నిండుగా వదిలేది. ఒకప్పుడు ఆ పేరు నాకుండేది. దుర్గ గారిది ఒక్క ఊపిరి డైలాగు అనేవారు. ఇప్పుడదే మాట శిరీష గురించి అంటుంటే, సోఫాలో కూర్చుని ఏడవలేక నవ్వేదాన్ని.

సోఫా దగ్గర ఒక స్పీకర్ ఉంటుంది. బూత్‌లో చెప్పేదంతా అందులో వినిపిస్తుంది. మిగతావాళ్లు ఫోన్లు చూసుకునేవారు. నేను మాత్రం ఆ పిల్ల ఎక్కడ తడబడుతుందా అని చెవులు రిక్కించుకుని వినేదాన్ని. వినగా వినగా ఒకనాడు దొరికింది. మాట చివర, ఊపిరి అయిపోయే చోట, సన్నటి ఈల. మర్నాడు కూడా ఉంది. తర్వాత పొడిదగ్గు మొదలైంది. దగ్గు వచ్చినప్పుడు మైకు నుంచి మొహం తిప్పేసుకునేది. గుక్క తిప్పుకోవడం గబగబా అయింది. అంతకుముందు ఒక్కసారి పీల్చే చోట ఇప్పుడు రెండుసార్లు పీల్చేది.

ఇది నాకొక్కదానికే ఎందుకు వినిపించిందో చెప్పాలి. డబ్బింగులో ఊపిరి చప్పుడు చెత్త కింద లెక్క. మేం గాలి పీల్చిన ప్రతి చోటా ఇంజినీరు ఆ ముక్క కత్తిరించి పారేస్తాడు. మా ఇంజినీరు యాదగిరి అందులో ఘనుడు. శిరీష దగ్గునూ ఈలనూ కూడా అదే అలవాటున చకచకా తీసేసేవాడు. తీసేశాక మిగిలిన గొంతు ఎప్పటిలాగే తియ్యగా ఉండేది. దర్శకుడు వినేది ఆ మిగిలినదాన్నే. చివరికి శిరీష కూడా తనను తాను అలాగే వినేది.

విరామంలో ఆ పిల్ల మెట్ల దగ్గరికి పోయి, చేతిసంచిలోంచి లిప్‌స్టిక్ అంత గొట్టం తీసి పీల్చేది. పుదీనా వాసన వచ్చేది. ఏంటమ్మా అది అని అడిగాను.

"ఆవిరక్కా. జేబుల పెట్టుకునే ఆవిరి. మైత్రీవనం పక్క గల్లీల అమ్ముతుండ్రు. గొంతు మస్తు లూజైతది. నువ్వు సుత ఒక్కసారి పట్టు" అని గొట్టం నా చేతికి ఇవ్వబోయింది.

మా వాళ్లకు ఆవిరి అంటే ప్రాణం. పెరుగు ముట్టం, ఐస్ జోలికి పోం, పొద్దున లేస్తూనే పసుపు వేసిన వేడినీళ్ల మీద దుప్పటి కప్పుకుంటాం. గొంతు గొంతు అని అంగలార్చడమే గానీ దాని కింద ఊపిరితిత్తులు ఉన్నాయని మాలో ఎవరికీ గుర్తుండదు. ఇంకో ఉద్యోగంలో ఉన్న పిల్ల అయితే ఆ గొట్టాన్ని చూసి ఇది సిగరెట్టుకు చుట్టమేనని అనుమానించేదేమో. డబ్బింగ్ వాళ్లం మాత్రం ఆవిరి అనగానే నోరు తెరుస్తాం. ఆ గల్లీ దుకాణం వాడికి ఆ సంగతి బాగా తెలుసు.

అబద్ధం ఎందుకు, నా చెయ్యి కూడా సాగింది. దీని గొంతు రహస్యం ఇదేనేమో అన్న ఆశ. అంతలోనే, దీని ఎంగిలి గొట్టం నేను నోట్లో పెట్టుకోవడమా అని రోషం వచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. ఆ రోషమే నన్ను కాపాడింది. దాని గదిలో ఉండే అమ్మాయిలకు అలాంటి రోషం లేకపోయింది. శిరీషలా పలకాలని వాళ్లూ తలా ఒకటి కొన్నారు.

ఆ వారంలోనే టీవీ వార్తల్లో పోలీసులు పట్టుకున్న సరుకును బల్ల మీద పరిచి చూపించారు. అచ్చం ఆ గొట్టాలే. ఈ-సిగరెట్లట, మన దేశంలో అమ్మకమే నిషేధమట. చూస్తున్నదాన్ని లేచి నిలబడ్డాను. ఈల ఎక్కడిదో అప్పుడు అర్థమైంది.

మర్నాడు పొద్దున్నే యాదగిరికి చెప్పాను. ఆయన హెడ్‌ఫోన్ తీయకుండానే విన్నాడు.

"అక్కా, గీ మాట ఇంకెవ్వరు చెప్పినా ఇంటుంటి. గా పొల్ల అంటే నీకు మంట అని వాచ్‌మన్‌కు సుత ఎరుకే. జర ఊకో" అన్నాడు.

ఇన్‌చార్జ్ రామ్మోహన్ గారు మా రేపల్లె వైపు మనిషి, మర్యాదగా చెప్పారు. "ఏంటండీ దుర్గ గారూ, మీరు కూడా! చెయ్యాల్సినవన్నీ చేసేశారు. చిన్నపిల్లను బతకనివ్వండి" అని నవ్వారు. అరికాలి మంట నెత్తికెక్కింది. మంట ఉందయ్యా, లేదన్నది ఎవరు? ఈల కూడా ఉంది. నాకు మంట ఉన్నంత మాత్రాన దాని ఛాతీలో ఈల అబద్ధమైపోతుందా? అది అడగాల్సిన మాట. అది అడగకుండా, కోపంలో మంచినీళ్లు తాగి వచ్చేశాను.

పతాక సన్నివేశం వంతు వచ్చింది. నాయిక కోర్టు బోనులో నిలబడి, తన వాళ్లందరినీ చూస్తూ, ఒక్క ఊపిరిలో చెప్పే డైలాగు. ఆ రోజు దర్శకుడు స్వయంగా వచ్చి కూర్చున్నాడు. శిరీష చెప్పింది. సగం దాటాక తెగింది. మళ్లీ చెప్పింది, మళ్లీ అక్కడే తెగింది. రెండు ముక్కలు తీసుకుని అతికిస్తానన్నాడు యాదగిరి. దర్శకుడు ఒప్పుకోలేదు. తెర మీద అమ్మాయి మెడ నరాలు కనిపిస్తున్నాయి, ఆమె గుక్క తిప్పుకోలేదు, అతుకు తెలిసిపోతుందన్నాడు. రేపు ఒక్కసారి చూద్దాం, కాకపోతే సినిమా మొత్తానికి గొంతు మార్చేద్దాం అని చెప్పి వెళ్లాడు. వెళ్తూ వెళ్తూ సోఫాలో నన్ను చూసి నమస్కారం పెట్టాడు. ఆ నమస్కారంలో ఏముందో అక్కడున్న అందరికీ అర్థమైంది. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

శిరీష మెట్ల దగ్గరికి పోయింది. గొంతు లూజు కావాలని గొట్టం నోట్లో పెట్టి వదలకుండా పీలుస్తోంది. ఇక ఆగలేక వెళ్లాను.

"అది ఆవిరి కాదు, సిగరెట్టు. పారెయ్. నీ ఛాతీలో ఈల మోగుతోంది" అన్నాను.

నా వంక ఎగాదిగా చూసింది. "నా ఆవిరి మీద సుత కుళ్లేనా అక్కా? రేపు నాతోని కాకుంటే నిన్నే పిలుస్తరని కూసున్నవ్ గదా!"

"కూర్చున్నాను. ఎందుకు కూర్చోను? కానీ నువ్వు జబ్బుపడితే వచ్చే వేషం నాకెందుకే! మైకు ముందు నిన్ను ఓడించి తీసుకుంటా. ముందు డాక్టర్‌కు చూపించుకో."

ఇదేదో నా మంచితనం అనుకునేరు. కాదు. దాని ఊపిరి నిండుగా ఉన్నప్పుడు దానికంటే బాగా చెప్పాలని నా కోరిక. చిల్లుపడ్డ ఊపిరితో పోటీ గెలిస్తే ఎవరు మెచ్చుకుంటారు?

దానికీ పౌరుషం వచ్చింది. "పా అయితే! పంజాగుట్టల ఛాతీ డాక్టరమ్మ ఉన్నది. నా ఊపిరి మంచిగున్నదని ఆమెతోనే చెప్పిస్త. నువ్వు సుత రా. నీ చెవులతోని ఇను, జర సల్లవడ్తవ్" అంది. అప్పటికప్పుడు ఆటో ఎక్కాం. దారిలో దగ్గు వస్తే అది అటు తిరిగి దగ్గింది, నేను ఇటు తిరిగి విన్నాను.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. సిగరెట్ తాగుతావా అమ్మా అని అడిగింది. ఎన్నడూ ముట్టలేదని శిరీష గట్టిగా చెప్పింది. అది నిజమే. గొట్టం బల్ల మీద పెట్టమన్నాను. విసురుగా తీసి పెట్టింది. డాక్టరమ్మ దాన్ని చూసి ఇంకేం అడగలేదు, పరీక్ష గదిలోకి తీసుకెళ్లింది. ఊపిరి కొలిచే యంత్రం ఒకటి ఉంటుంది. గాలి నిండా పీల్చుకుని ఉన్నదంతా ఒక్కసారిగా గొట్టంలోకి ఊదాలి. ఎంత గాలి ఎంత వేగంగా వచ్చిందో తెర మీద గీతగా వస్తుంది. శిరీష ఊదింది. మధ్యలో దగ్గు వచ్చింది. మళ్లీ ఊదించారు, మళ్లీ దగ్గు.

"ఈమెతోని సుత ఊదిపియ్యుండ్రి మేడమ్. అప్పుడు తెలుస్తది" అంది కసిగా.

డాక్టరమ్మ నవ్వి సరే అంది. నర్సు ఊదే గొట్టానికి కొత్త మూతి తొడిగింది. నేను బోనులో డైలాగును తలచుకుని పొట్ట నిండా పీల్చి ఊదాను. అరవైకి దగ్గరపడ్డ మనిషిని. గీత ఝామ్మని లేచింది. మీ వయసుకు ఉండాల్సినదానికంటే బాగుందండీ, యోగా చేస్తారా అని అడిగింది డాక్టరమ్మ. నా జన్మలో అంత తియ్యటి మెప్పు వినలేదు. గెలిచాను! గెలిచానని శిరీష వైపు తిరిగి చూశాను. అది రెండు గీతలనూ మార్చి మార్చి చూస్తోంది.  నేను సిద్ధం చేసుకున్న ఎత్తిపొడుపు మానేసి, కుర్చీ దాని దగ్గరికి జరిపాను.

ఛాతీ స్కాన్ తీశారు. లోపల అక్కడక్కడా వాపు ఉంది. గొంతు డాక్టర్ చిన్న కెమెరాతో చూస్తే స్వరతంత్రులు ఉబ్బి ఎర్రగా ఉన్నాయి. డాక్టరమ్మ మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. అందులోంచి వచ్చేది నీటి ఆవిరి కాదు. లోపల ఉన్న ద్రవాన్ని వేడి తీగ మీద కాల్చితే వచ్చే సన్నటి తుంపర. దానితోపాటు నికొటిన్, వాసన కోసం కలిపిన రసాయనాలు, ఒక్కోసారి తీగలోని లోహపు నలుసులు కూడా లోపలికి పోతాయి. మిఠాయిలో వేసుకు తింటే కడుపు అరిగించుకునే వాసన ద్రవ్యం ఊపిరితిత్తులకు పడాలని లేదు. దొంగచాటు సరుకులో ఏం కలిపారో అమ్మేవాడికే తెలియదు. సిగరెట్టుతో పోలిస్తే కొన్ని విషాలు తక్కువ ఉండొచ్చు, అంతమాత్రాన మంచిది అయిపోదు, అసలు ఏ అలవాటూ లేని పిల్లకు ఇదొక కొత్త అలవాటు. ఇంకా ముదిరి వస్తే ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చేదని కూడా చెప్పింది.

"పొగ లేదు గద మేడమ్?" అని శిరీష చిన్నగా అడిగింది.

"నికొటిన్‌కు పొగతో పనిలేదమ్మా. అది లేకపోతే నీకు చిరాకు రావడం లేదూ, చేతులు వణకడం లేదూ?" అంది డాక్టరమ్మ. శిరీష చేతులు బల్ల కిందికి పెట్టుకుంది.

మాట్లాడొద్దని, మైకు ముఖం చూడొద్దని చెప్పి మందులు రాశారు. ఆ సినిమాలో నాయిక గొంతు నాకు వచ్చింది, తల్లికి ఇంకొకరిని పెట్టారు. బోనులో డైలాగు రెండో టేకులో ఒక్క ఊపిరిన చెప్పాను. దర్శకుడు లేచి చప్పట్లు కొట్టాడు. చప్పట్లు బాగానే ఉన్నాయి. సోఫాలో కూర్చుని నన్ను చూసి కుళ్లుకునేందుకు శిరీష ఉంటే ఇంకా బాగుండేది.

గొంతు వాడొచ్చని డాక్టర్లు అనుమతి ఇచ్చాక, ఒక పొద్దున శిరీషే ఫోన్ చేసింది.

"రోజూ ఫోన్ చేస్తనక్కా. గా బోనుల డైలాగ్ చెప్త. ఎక్కడ తెగిందో నువ్వు చెప్పాలె" అంది.

నేనే ఎందుకే అన్నాను.

"మిగిలినోళ్లంత మంచిగనే ఉన్నదంటరు, నేను బాధపడ్తనని. నువ్వట్ల చెప్పవ్. నా ఊపిరి నిజంగ బాగైతే ముందుగాల మండేది నీకే. నీకు మండిందంటే నేను బాగైనట్టే."

తిట్టాలో నవ్వాలో తెలియలేదు. అలా మొదలైంది. రోజూ పొద్దున కాఫీ పక్కన పెట్టుకుని వినేదాన్ని. మొదట్లో మొదటి వాక్యంలోనే తెగేది. అక్కడ తెగింది అని చెప్పి పెట్టేసేదాన్ని. గొట్టం మానడం అంత తేలిక కాదు. నిద్ర పట్టేది కాదు, అయినదానికీ కానిదానికీ గదిలో అందరి మీదా అరిచేది, నోట్లో లవంగం లేకుండా ఉండలేకపోయేది. ఒకరోజు ఫోన్లో మళ్లీ ఈల వినిపించింది. "పట్టావు కదూ?" అన్నాను.  వెక్కి వెక్కి ఏడ్చింది. గదిలో అమ్మాయి పీలుస్తుంటే తట్టుకోలేకపోయిందట. వెళ్లి చెబితే డాక్టరమ్మ కోప్పడలేదు. నికొటిన్ గుణమే అది, మళ్లీ మొదలుపెట్టు, ఆ అమ్మాయిలను కూడా తీసుకురా అంది. ఇద్దరు వచ్చారు. మూడో అమ్మాయి గది మారిపోయింది, దాని సంగతి నాకు తెలియదు.

ఏడాది తిరిగేసరికి ఈల పోయింది. కానీ పాత సన్నటి గొంతు పూర్తిగా తిరిగి రాలేదు. పైస్థాయి పోయి గొంతు కిందికి దిగింది, బరువెక్కింది. పడుచు నాయికలకు పనికిరాదని రామ్మోహన్ గారు పెదవి విరిచారు. హమ్మయ్య అనుకున్నాను. నా హమ్మయ్య ఎన్నాళ్లో నిలవలేదు. ఆ బరువు గొంతు లాయరు పాత్రలకు, పోలీసు అధికారులకు, ఆ తర్వాత తల్లులకు అతికినట్టు సరిపోయింది. తల్లులంటే నావి! ఒకరోజు రామ్మోహన్ గారు ఫోన్ చేసి, ఈసారి అమ్మ వేషం శిరీష చేత చెప్పిద్దామనుకుంటున్నాం, ఏమీ అనుకోకండి అన్నారు. అనుకున్నాను. ఆయన వినలేనన్ని అనుకున్నాను. ఆ తర్వాత పిలుపులు తగ్గాయి, నేనే విరమించుకున్నాను.

ఇప్పుడు ఆ థియేటర్లో కొత్త అమ్మాయిల సంచుల్లో గొట్టం కనిపిస్తే శిరీష బూత్‌లోకి రానివ్వదట. వాళ్లు దాని మాట వింటారు. అదే మాట నేను ముందు చెబితే ఒక్కరూ వినలేదు. అందుకూ మంటే.

ఈ ఉదంతం నాకు నేర్పినవి రెండు. అమ్మేవాడి మాట నమ్మి ఊపిరితిత్తుల్లోకి ఏదీ పంపకూడదు, దానికి పుదీనా వాసన ఉన్నా సరే. ఇక గిట్టనివాళ్లు మనలో ఏదైనా తప్పు ఎత్తి చూపితే, గిట్టదు కాబట్టి చెప్పారని కొట్టిపారేయకూడదు. మనమంటే ఇష్టపడేవాళ్లు మన ఈలను వినిపించుకోరు. గిట్టనివాళ్లు దాని కోసమే చెవులు రిక్కించుకుని ఉంటారు.

ఈ మధ్య పంజాగుట్టలో ఒక సినిమాకు వెళ్లాను. చివర్లో తల్లి పాత్ర ఆసుపత్రి వరండాలో నిలబడి పెద్ద డైలాగు చెబుతుంది. శిరీష గొంతు. నేను పాప్‌కార్న్ పక్కన పెట్టి కళ్లు మూసుకున్నాను. ఎక్కడ పీల్చిందో వెతికాను. యాదగిరి అతుకు ఎక్కడ వేశాడో వెతికాను. ఎక్కడా లేదు. చివరి మాట మొదటి మాటంత నిండుగా వచ్చింది. హాల్లో జనం చప్పట్లు కొట్టారు.

బయటికి వచ్చి మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. సినిమాకు వెళ్తున్నానని పొద్దున నేనే చెప్పాను.

"ఎట్లున్నదక్కా? మండిందా?" అంది.

"మండింది" అని చెప్పి ఫోన్ పెట్టేశాను.